గాలి సోకుతుందని మూసిన కిటికీలు

మా ఇంటి కిటికీలకి హ్యాండిళ్లు మార్పించాను. ఇదేమీ పెద్ద విషయం కాదు. కానీ ఆ పని చేయించేటప్పుడు నలుగురూ చెప్పిన మాటలు విన్నాక, కిటికీ తెరవాలా మూయాలా అని మనుషులు ఎన్ని వందల ఏళ్లుగా వాదించుకుంటున్నారో రాయాలనిపించింది. నేను డాక్టర్ని కాను, ఇంజనీర్నీ కాను. బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఆరేళ్లు బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. లెక్క సరిపోయిందా లేదా అని చూడటం ఒక్కటే నాకు వచ్చిన విద్య.

సికింద్రాబాద్‌లో మా ఇల్లు 1988లో నాన్న కట్టించింది. టేకు రెక్కలు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. హ్యాండిళ్లే అరిగి, స్క్రూలు వదులై, పట్టుకుంటే చేతిలోకి వచ్చేస్తున్నాయి. మా ఆవిడకి వేళ్ల కీళ్ల నొప్పులు. గడియ లాగలేక కొన్నాళ్లుగా కిటికీలు తెరవడమే మానేసింది. సరే అని జేబులో ఒక అయస్కాంతం వేసుకుని రాణీగంజ్ వెళ్లాను. కొట్టువాడు 'ఇత్తడి' అని రెండు రకాలు చూపించాడు. ఒకటి అయస్కాంతానికి టక్కున అంటుకుంది. ఇనుము మీద పూత. రెండోది అంటుకోలేదు గానీ చేతిలో మరీ తేలిగ్గా ఉంది. వెనకవైపు ఆకురాయితో గీకితే తెల్లటి లోహం బయటపడింది. అది జింకు మిశ్రమం. అంటుకోకపోతే ఇత్తడే అనుకోవడం కూడా మూఢనమ్మకమేనని ఆ రోజు నేర్చుకున్నాను. మూడో కొట్లో గీకినా పచ్చగానే ఉన్నవి దొరికాయి. ఉద్యోగంలో ఉండగా ఒక స్టేషన్లో ఇత్తడి అని రాసిన బిల్లులు ఎన్ని పాస్ చేశానో, ఒక్కసారి కూడా అయస్కాంతం తీసుకెళ్లి చూడలేదే అని దారంతా అనుకుంటూనే వచ్చాను.

పక్కింటాయన వచ్చి చూసి, వాయవ్యం కిటికీకి కొత్త హ్యాండిల్ ఎందుకండీ, అది మూసే ఉంచుకోవాలి, చెడుగాలి అటునుంచే వస్తుంది అన్నాడు. ఆయన బ్యాంకులో ఆఫీసరుగా చేశాడు. ఇదంతా వింటున్న వడ్రంగి మేస్త్రి నవ్వాడు. ఆయనది భద్రాచలం. "సార్, నేను చింతలనార్ వైపు పని చేసి వస్తున్నా. అక్కడ పాత ఇళ్లకి అసలు కిటికీలే ఉండవు సార్. మీరు ఉన్నవాటిని మూయాలా తెరవాలా అని కొట్టుకుంటున్నారు" అన్నాడు. ఆ మాట పట్టుకునే తర్వాత నేను ఆయనతో చింతలనార్ వెళ్లాను. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు గాలి సంగతి.

తెలుగులో గాలి అనే మాటకి రెండు అర్థాలున్నాయి. మనం పీల్చేది ఒకటి, మనల్ని పట్టేది ఒకటి. 'గాలి సోకింది', 'గాలీ ధూళీ తగిలింది' అంటే ఊళ్లో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. ఇది మనవాళ్ల ప్రత్యేకత అనుకోకండి. ఇటాలియన్ భాషలో 'మాల అరియా' అంటే చెడ్డ గాలి. మలేరియా అనే పేరు అందులోంచే వచ్చింది. ఇంగ్లీషు 'విండో'కి మూలమైన పాత నార్స్ మాటకి 'గాలి కన్ను' అని అర్థం. అంటే కిటికీ పేరులోనే గాలి ఉంది. ఆ గాలి అంటేనే జనానికి భయం.

ఈ భయంతో నాకు సొంత లెక్క ఒకటి ఉంది. 1967లో నాకు ఆరేళ్లు. తెనాలి దగ్గర పల్లెటూళ్లో మా అమ్మకి కాన్పయింది. పురిటి గదికి ఒకటే కిటికీ. రెండు చెక్క రెక్కలు, లోపల ఒక ఇనప కొక్కెం. నాయనమ్మ ఆ కొక్కేనికి గుడ్డ చుట్టి బిగించింది. రెక్కల సందుల్లో పాతచీర ముక్కలు కుక్కింది. లోపల కుంపటి, సాంబ్రాణి పొగ, మంచం కింద ఇనప కత్తి. ఇనుముంటే దయ్యం దగ్గరికి రాదని నమ్మకం. (ఇది ఒక్క కోస్తా నమ్మకం కాదు. మధ్య భారతంలో ఇనుము కరిగించే అగారియాల గురించి వెరియర్ ఎల్విన్ 1942లో రాసిన పుస్తకంలో ఇదే నమ్మకం కనిపిస్తుంది.) నేను తమ్ముణ్ణి చూద్దామని లోపలికి వెళ్లాను. అమ్మ నిద్రపోతోంది. పొగకి కళ్లు మండి, ఆ గుడ్డ విప్పి, కొక్కెం తీసి, కిటికీ తెరిచాను. ఎంతసేపు తెరిచి ఉందో గుర్తు లేదు. నాలుగు రోజులకి తమ్ముడు పోయాడు.

"వీడు కిటికీ తీశాడు, పసిగుడ్డుకి గాలి సోకింది" అంది నాయనమ్మ. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నన్ను పెంచింది ఆవిడే. అమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు. కాదని కూడా ఎప్పుడూ అనలేదు.

నేను ఉద్యోగంలో చేరాక మా మేనత్త ఒకసారి మాటల్లో, ఆ పిల్లాడికి దౌడలు బిగుసుకుపోయి పాలు పట్టలేకపోయాం, ఒళ్లు విల్లులా వంగింది అని చెప్పింది. అవి ధనుర్వాతం లక్షణాలు. టెటనస్ గాలిలో రాదు. దాని క్రిమి మట్టిలో ఉంటుంది, శుభ్రం లేని కత్తితో బొడ్డు కోస్తే లోపలికి వెళుతుంది. తల్లికి టీకా, కాన్పులో శుభ్రత - ఈ రెండింటితో మన దేశంలో పసిపిల్లల ధనుర్వాతం జిల్లాకి వెయ్యి కాన్పుల్లో ఒకటికంటే తక్కువకి వచ్చిందని, అంటే నిర్మూలన అయిందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ధృవీకరించింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. కారణం ఎవరికీ చెప్పలేదు.

ఇక చరిత్రకి వద్దాం. 1776 సెప్టెంబరులో అమెరికాలో జాన్ ఆడమ్స్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక రాయబారం మీద వెళుతూ న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక సత్రంలో దిగారు. చిన్న గది, ఒకటే మంచం, ఒకటే కిటికీ. రాత్రి గాలి పడదని ఆడమ్స్ కిటికీ మూసేశాడు. ఫ్రాంక్లిన్ ఒప్పుకోలేదు. జలుబు చల్లగాలి వల్ల రాదు, మూసిన గదిలో మనుషులు ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీల్చడం వల్ల వస్తుంది, తెరవమన్నాడు. ఆడమ్స్ తెరిచి పడుకుని, ఆయన ఉపన్యాసం వింటూ నిద్రపోయాడు. ఈ కథ ఆడమ్స్ స్వయంగా రాసుకున్నదే. అప్పటికి క్రిముల సంగతి ఎవరికీ తెలియదు. ఫ్రాంక్లిన్ దగ్గర ఉన్నది గమనింపు ఒక్కటే.

తర్వాతి కథ మా శాఖకి దగ్గరిది. ఇండియాలో ఉన్న బ్రిటిష్ సైన్యం ఆరోగ్యం మీద 1859లో వేసిన రాయల్ కమిషన్ 1863లో రిపోర్టు ఇచ్చింది. ఆ పని వెనక ఉండి కంటోన్మెంట్లన్నిటి నుంచీ వివరాలు తెప్పించి, లెక్కలు కట్టింది ఫ్లోరెన్స్ నైటింగేల్. వెయ్యి మంది సైనికులుంటే ఏడాదికి 69 మంది చచ్చిపోతున్నారని తేలింది. యుద్ధంలో కాదు, బారక్‌లలో. మురుగు, చెడ్డ నీళ్లు, ఇరుకు, గాలి ఆడకపోవడం. పదేళ్ల తర్వాత ఆ అంకె 18కి దిగింది. పాత కంటోన్మెంటు బారక్‌లు చూసినవాళ్లకి తెలుసు - ఎత్తైన కప్పు, చుట్టూ వరండా, పైన తాడు లాగి తెరిచే వెంటిలేటర్లు. అందం కోసం కట్టినవి కావవి. ఒక ఆడిట్ అభ్యంతరానికి జవాబుగా కట్టినవి.

ఇక్కడ హేతువాద మిత్రులు గమనించాల్సింది ఒకటుంది. నైటింగేల్ నమ్మింది తప్పుడు సిద్ధాంతం. కుళ్లు గాలి నుంచే జబ్బులు పుడతాయని ఆవిడ చాలాకాలం నమ్మింది, క్రిముల సిద్ధాంతాన్ని తొందరగా ఒప్పుకోలేదు. కానీ ఆవిడ లెక్కలు కట్టింది. సిద్ధాంతం తప్పయినా లెక్క ఒప్పయింది, కిటికీ తెరిపించింది.

దీనికి తిరగేసిన కథ మా సికింద్రాబాద్‌లోనే జరిగింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. అయినా, చెడుగాలి వల్లే మలేరియా అనేవాళ్లు ఒక్కరోజులో మారలేదు. అందుకని 1900లో పాట్రిక్ మాన్సన్ పూనికతో సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లు రోమ్ దగ్గర మలేరియాకి పేరు మోసిన బురదనేలల్లో ఒక గుడిసె వేసుకుని, అక్టోబరు దాకా అక్కడే ఉన్నారు. పొద్దుగూకకముందే లోపలికి వెళ్లేవాళ్లు. కిటికీలు మాత్రం తెరిచే ఉంచేవాళ్లు. ఆ 'విషపు' రాత్రి గాలంతా పీల్చారు. కిటికీలకి, తలుపులకి సన్నటి తీగల జాలీ బిగించారు, అంతే. చుట్టుపక్కలవాళ్లకి జ్వరాలొచ్చాయి, వీళ్లకి రాలేదు. అదే ఏడు ఇటలీ నుంచి లండన్‌కి పంపిన దోమలు మాన్సన్ సొంత కొడుకుని కుట్టాయి. అక్కడి మంచి గాలిలోనే అతనికి మలేరియా వచ్చింది.

నా దృష్టిలో కిటికీల చరిత్రలో ఇంతకంటే గొప్ప ప్రయోగం లేదు. గాలిని, దోమని విడదీసి రెండు ఖాతాల్లో రాశారు. మన తాతలు రాత్రిళ్లు కిటికీ మూసినందుకు కొంత లాభం ఉండే ఉంటుంది. దోమ కుట్టేది రాత్రే కదా. పని చేసిందని కారణం నిజం కాదు. కారణం అబద్ధమని పని చేయలేదనీ కాదు. ఆ రెండూ కలిపేసి నవ్వే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది.

క్షయ కథ ఇంకా చిత్రం. కోక్ 1882లో ఆ క్రిమిని కనుక్కున్నాడు. మందు రావడానికి ఇంకా అరవై ఏళ్లు పట్టింది. ఈలోగా చేయగలిగింది మంచి తిండి, విశ్రాంతి, తెరిచిన కిటికీ. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో వెలసిన శానటోరియం అలాంటిదే. కానీ క్షయ నిజంగా గాలిలోనే వస్తుందని ఋజువైంది మాత్రం 1950ల చివర, అమెరికాలోని బాల్టిమోర్‌లో. రైలీ అనే డాక్టరు, ఆయన బృందం క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పై అంతస్తులో ఉన్న గినీ పందుల గదిలోకి పంపారు. వాటికి రోగులతో ఇంకే సంబంధమూ లేదు. వాటికి క్షయ వచ్చింది. అదే గాలిని అతినీలలోహిత కాంతితో శుద్ధి చేసి పంపిన గదిలో రాలేదు.

అంటే గాలి సోకుతుంది అన్నమాట నిజమే! కాకపోతే సోకేది బయటి గాలి కాదు, మూసిన గదిలోని గాలి. 2007లో పెరూ దేశం లిమాలోని ఎనిమిది ఆసుపత్రుల్లో 70 గదులు కొలిచారు. తలుపులు, కిటికీలు తెరిస్తే గదిలో గాలి గంటకి 28 సార్లు మారింది. మిషన్లతో గాలి ఆడించే ఖరీదైన గదుల్లో 12 సార్లు మారే లెక్క. 1950కి ముందు కట్టిన ఎత్తుకప్పుల పాత ఆసుపత్రులు కొత్తవాటికంటే మెరుగ్గా ఉన్నాయి.

ఇంత తెలిసీ 2020లో మనమేం చేశాం? హ్యాండిళ్లు తుడిచాం. నేనూ తుడిచాను. తలుపు గుబ్బలు, కిటికీ గడియలు, పాల ప్యాకెట్లు, రోజుకి మూడుసార్లు. ఆ ఏడు మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్ గాలి ద్వారా వ్యాపించేది కాదని ఖండితంగా ప్రకటించింది. జులైలో 239 మంది శాస్త్రజ్ఞులు అది సరికాదని బహిరంగ లేఖ రాశారు. 2021 వసంతానికి గానీ సంస్థ తన మాట మార్చుకోలేదు. ఈలోగా మా కాలనీలో కిటికీలన్నీ బిగించుకుని లోపల కూర్చున్నాం. రాగి మీద ఆ వైరస్ నాలుగు గంటలు దాటి బతకలేదు, స్టీలు మీద రెండు మూడు రోజులు ఉంది అని 2020లో కొలిచిన మాట నిజమే. 1983లోనే ఫిలిస్ కూన్ అనే పరిశోధకురాలు ఇత్తడి తలుపు గుబ్బలు స్టీలువాటికంటే క్రిములని బాగా చంపుతాయని చూపించింది. ఇత్తడి హ్యాండిలు కొనడానికి అది ఒక కారణమే. కానీ హ్యాండిలు ఏ లోహంతో చేసిందన్నది చిన్న పద్దు. దాన్ని తిప్పామా లేదా అన్నది పెద్ద పద్దు. మనం చిన్న పద్దుకే శానిటైజర్ అంతా ఖర్చు పెట్టాం. శాస్త్రజ్ఞుల సంస్థ కూడా పొరబడుతుంది. తేడా ఏమిటంటే అక్కడ అభ్యంతరం రాయడానికి చోటుంది, రాసినవాళ్లున్నారు, జవాబు ఆలస్యంగానైనా వచ్చింది.

ఇప్పుడు చింతలనార్. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా. పేరులో సగం మనది, సగం గోండులది. చింత తెలుగే, 'నార్' అంటే గోండిలో ఊరు. పేపర్లలో మనం ఈ పేరు చదివింది 2010 ఏప్రిల్ 6న. ఆ రోజు దీనికి దగ్గర్లో తాడిమెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. మరుసటి మార్చిలో మోర్పల్లి, తిమ్మాపురం, తాడిమెట్లలో జనం ఇళ్లు తగలబడ్డాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు దాని మీద సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. నేను మేస్త్రితో చింతూరు, కుంట, దోర్నపాల్ మీదుగా వెళ్లాను. దోర్నపాల్ నుంచి లోపలికి నలభై కిలోమీటర్లకి పైనే. పోలంపల్లి, చింతగుఫ దాటాలి. దారి పొడుగునా క్యాంపులు.

నిజం చెప్పాలంటే నేను వెళ్లింది ఒక వ్యాసానికి సరుకు దొరుకుతుందని. కిటికీ పెడితే దయ్యం వస్తుందని ఎవరైనా చెబుతారు, రాసుకుందాం అనుకున్నాను. మేస్త్రి నన్ను ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్లాడు. వెదురు తడికకి మట్టి మెత్తిన గోడలు, వంగి దూరాల్సిన చూరు, కిటికీ లేదు. లోపల పొయ్యి. దాని పైన అటక మీద విత్తనాల బుట్టలు పొగచూరి నల్లగా ఉన్నాయి. పెద్దాయనకి తెలుగు కొంచెం వచ్చు. మిగతాది మేస్త్రి కోయలోంచి చెప్పాడు. కిటికీ ఎందుకు పెట్టలేదు, గాలి సోకుతుందనా అని అడిగాను. ఆయన నన్ను తేరిపార చూసి, "దయ్యానికి కిటికీ ఎందుకు, తలుపుంది కదా" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు.

తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. పామొస్తుంది, నక్క వస్తుంది, మాఘంలో చలి, వానాకాలం జల్లు. పొగుంటే విత్తనానికి పురుగు పట్టదు. పగలంతా మేం బయటే కదా, ఇల్లు పడుకోడానికే. కాసేపాగి ఇంకో మాట అన్నాడు. గోడకి కన్నం ఉంటే బయటివాడికి లోపల కనిపిస్తుంది. ఆ బయటివాడు ఎవరని నేను అడగలేదు.

వాయవ్యం కిటికీ గురించి మా పక్కింటాయన ఒక్క కారణం చెప్పలేకపోయాడు. ఈయన అయిదు చెప్పాడు. అయినా లెక్క రెండువైపులా చూడాలి. ఆ పొగలో వంట చేసే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు దగ్గుతూనే ఉన్నారు. నేను అక్కడున్న గంటసేపట్లో నా కళ్లు మండిపోయాయి, ఆరేళ్లప్పుడు మండినట్టే. ఇక దోమ. బస్తర్‌లో మలేరియా ఎంత దారుణమో చెప్పక్కర్లేదు. 2020 జనవరిలో ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి అందరికీ రక్తపరీక్ష చేసే కార్యక్రమం మొదలుపెట్టాల్సి వచ్చింది. అక్కడ జాలీ లేని కిటికీ పెట్టమని సలహా ఇచ్చేవాడు హేతువాది కాదు.

అదే ఊళ్లో కొత్త సిమెంటు ఇళ్లకి ఇనప కిటికీలున్నాయి. మేస్త్రి పని వాటి మీదే. రేకు హ్యాండిళ్లు రెండు వానాకాలాలకే తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కొన్ని తెరుచుకోవు, కొన్ని మూసుకోవు, మూసుకోనివాటికి తీగ కట్టారు. సాయంత్రం దోమలకి మూయాలి, పొద్దున్న పొగకి తెరవాలి. హ్యాండిలు పని చేయకపోతే ఈ రెండూ కుదరవు. ఒక ఇంట్లో బిగుసుకుపోయిన రెక్కని మేస్త్రి నూనె వేసి, సుత్తితో తట్టి, కొత్త గడియ పెట్టి తెరిచాడు. లోపల బాలింత పడుకుని ఉంది. నేను అప్రయత్నంగా వెనక్కి తగ్గాను. ఆమె అత్త కాబోలు, మేస్త్రితో ఏదో అంది. ఏమంటోందని అడిగాను. వెలుతురు చాలు, జాలీ కూడా వేసి పొమ్మంటోంది అన్నాడు.

ఇంటికొచ్చాక మా కిటికీల పని పూర్తి చేయించాను. పాత స్క్రూ కన్నాల్లో పుల్లముక్కలు జిగురుతో దిగ్గొట్టి, ఆరాక కొత్తవి బిగించాడు. మా ఆవిడకి వేళ్లు మడవక్కర్లేకుండా అరచేత్తో నొక్కితే తిరిగేలా పొడుగు పిడి ఉన్నవి ఎంచాం. వాయవ్యం కిటికీకి కూడా. పోయిన నెల మేస్త్రి చింతలనార్ నుంచి ఫోన్ చేశాడు. "సార్, ఇత్తడివి ఇక్కడ నిలవవు, విప్పుకుపోతారు. మంచి స్టీలు గడియలు ఒక ఇరవై నాలుగు, జాలీ ఒక చుట్ట పంపండి" అన్నాడు. రాణీగంజ్‌లో కొని భద్రాచలం బస్సులో పార్సిల్ వేశాను. అందినట్టు రసీదు కూడా పంపాడు.